మూడో చుట్టు

కొత్తలాకుల లాడ్జిలో
తాళంచెవితో పాటు మూడు చీటీలిచ్చారు.
ఒక్కో చీటీ మీద ఒక్కో చుట్టు:
మొదలు లాడ్జి మెట్లు,
ఆఖరు లాడ్జి మెట్లు.

గీసింది గుమస్తా నేలపూడి ప్రభుదాసు.
వాళ్ల నాన్న సర్వే వాళ్ల వెనక గొలుసు లాగేవాడట.
గట్లకి అడుగులు వేశాడు, మలుపులకి బాణాలు వేశాడు,
ఒక్క చెట్టయినా గుర్తు పెట్టలేదు.
"తుపానొకటొస్తే గుర్తులన్నీ పడుకుంటాయండి,
గట్టయితే ఉంటాది గదా."

ఆ సంగతి నాకు తెలియనిదా.
వారం రోజులుగా నా పని
పడిన కొబ్బరిచెట్లు లెక్కపెట్టడం.
మొవ్వు విరిగినవి ఒక గడి,
వేళ్లతో లేచినవి ఒక గడి.
ఒరిగి బతికున్నవాటికి
ఫారంలో గడి లేదు.

మొదటి చుట్టు ఒక సాయంత్రానికి సరిపోయింది.
లాకు తలుపుల మీది ఇనపపలక దాటి,
గుర్రపుడెక్క ఊదాపువ్వులతో సహా వచ్చి
తలుపుకి ఒత్తుకుని ఆగిపోయిన చోట మళ్లి,
టీ చల్లారేలోగా వెనక్కి.

రెండోదానిలో తప్పిపోయాను.
అరటితోట, మళ్లీ అరటితోట.
బోదె దాటాల్సిన చోట దాటలేదు.
గెలలు కట్టిన సైకిలు తోసుకుంటూ ఒకాయన
"లాడ్జోళ్లా? ఎడంచేతికి రండి" అన్నాడు,
నేనింకా అడక్కముందే.

మూడోది ఆదివారం.
చర్చి మైకు వెనకబడింది,
పుంత అయిపోయింది,
రొయ్యల చెరువుల్లో తెడ్లు తిరుగుతున్నాయి,
ఎక్కడికీ వెళ్లకుండా.
నీటికాకి ఒకటి స్తంభమెక్కి రెక్కలారేసుకుంది.
మురుగుకాలువ దగ్గర
చీటీలో గీత తెగింది.
వేలెడు ఖాళీ.
ఖాళీలో ఒకటే మాట: కేక.

ఊరి పేరనుకుంటూ వచ్చాను దారంతా.
పోనీ ఏదైనా కొట్టేమో.
తీరా చూస్తే ఊరూ లేదు, కొట్టూ లేదు,
వంతెన కూడా లేదు.
ఇటొక సిమెంటు దిమ్మ, అటొక దిమ్మ,
నడుమ నలభై అడుగుల నల్లటి నీళ్లు.

కేకెయ్యాలి.
ఏమని?
పేరు తెలియని మనిషిని ఏమని పిలుస్తారు?
ఆఫీసులో గొంతు పెంచితే మెమో,
అపార్టుమెంటులో పెంచితే పక్కింటి తలుపు సందు.
నా గొంతు కొస ఎక్కడుందో
చూసి ఎన్నేళ్లయిందో.
మొదటిసారి దగ్గులా వచ్చింది.
రెండోసారికి కొంగ లేచింది.
మూడోసారి,
అవతలి గట్టున పీచు ఆరబోస్తున్న ఒకావిడ
నడుం మీద చెయ్యేసుకుని
"ఆయ్, వస్తన్నానండి! చెవుడనుకున్నారా?"

మట్టపర్తి సత్యవేణి.
గడ వేసే చేతుల మీద మోచేతుల దాకా పీచు దుమ్ము.
"ఎక్కడికండి?"
"లాడ్జికి."
"ఎక్కణ్ణించొస్తన్నారు?"
"లాడ్జి నించే."
గడ ఆగింది. నీళ్ల మధ్య దోనె ఆగింది.
నన్ను చూసింది, నా బూట్లు చూసింది.
"అక్కడే ఉండిపోతే పోయేది గదండి!"
దోనె ఊగేంతగా నవ్వింది.

నేనూ నవ్వాను గాని
జవాబు దొరకలేదు, ఇప్పటికీ.
ఇరవై ఇస్తే పది తిరిగిచ్చింది,
"వంతెనున్నప్పుడు ఊరికే పోయేవోరు గదా" అని.
ఆ లెక్క నాకర్థం కాలేదు.
ఆవిడకి అయింది.

గట్టెక్కుతుంటే కనపడింది,
పాక పక్కన కొబ్బరిచెట్టు.
నేల దాకా వంగి
మోచెయ్యి మడిచినట్టు మళ్లీ పైకి లేచింది.
దోనె తాడు దానికే.
ఇది ఏ గడిలోకి?
పుస్తకం తియ్యలేదు.
ఆదివారం.

మిగతా సగం చుట్టు సరుగుడు నీడలో,
ఎవరూ వినకుండా ఇంకో రెండు కేకలు వేశాను.
అలవాటవుతోంది.

మెట్ల దగ్గర ప్రభుదాసు కునుకులోంచి లేచాడు.
"చుట్టు పూర్తయిందాండి?"
"గొంతు పోయింది" అన్నాను.
"అయితే అయినట్టేనండి"
అని లోపలికి తిరిగి
అల్లం టీ చెప్పాడు.